సీసా వెంట తేవాలా, గ్లాసు కొనుక్కోవాలా?

క్రూయిజ్ టికెట్ కొన్నవాళ్లు ఓడలో తిండికి జేబులో చెయ్యి పెట్టక్కర్లేదు. మూడు పూటలా భోజనం, మధ్యలో పిజ్జా, పొద్దుపోయాక ఐస్‌క్రీం, అన్నీ టికెట్లో కలిసే ఉంటాయి. గ్లాసులో పోసేదానికి మాత్రం మీటరు తిరుగుతుంది. క్రూయిజ్ సంస్థల్లోకెల్లా పెద్దదైన కార్నివాల్ కార్పొరేషన్‌కి 2024లో వచ్చిన ఆదాయం సుమారు 2,500 కోట్ల డాలర్లు. అందులో మూడో వంతు దాకా టికెట్ల వల్ల వచ్చింది కాదు. బార్లు, కేసినోలు, షాపులు, రేవుల్లో విహారాలు, ఇలా ఓడ ఎక్కాక జనం పెట్టిన ఖర్చు అది. అందుకే ప్రయాణికులు ఇంటి నుంచి ఎన్ని సీసాలు తెచ్చుకోవచ్చో ఆ సంస్థలు అంత జాగ్రత్తగా రాసి పెడతాయి.

బాగా తాగేవాళ్లకి లెక్క చిటికెలో తేలిపోతుంది, ప్యాకేజీ కొనేస్తారు. అసలు ముట్టనివాళ్లకి లెక్కతో పనే లేదు. వారానికి మూడో నాలుగో గ్లాసులతో సరిపెట్టుకునేవాళ్లకే చిక్కంతా.

కింది సంవాదంలోని వదినా మరదళ్లు ఇద్దరూ అలాంటివాళ్లే. వదినది డాలస్ పక్కన ఫ్రిస్కో. వృత్తి అకౌంటింగ్. మరదలిది హ్యూస్టన్ పక్కన షుగర్‌లాండ్. ఆసుపత్రిలో ఫార్మసిస్టు. ఇద్దరికీ వైన్ అంటే రాత్రి భోజనంతో ఒక గ్లాసు, అదీ రోజూ కాదు. రెండు కుటుంబాలూ కలిసి గాల్వెస్టన్ రేవులో ఏడు రాత్రుల కార్నివాల్ ఓడ ఎక్కబోతున్నాయి. డాలస్ నుంచి గాల్వెస్టన్‌కి కారులో ఐదు గంటలు పడుతుంది కాబట్టి వదిన వాళ్లు ముందు రోజే షుగర్‌లాండ్‌లో దిగారు. విజయవాడ నుంచి వచ్చిన వదిన అత్తగారు, అంటే మరదలి అమ్మ కూడా వాళ్లతోనే ఉన్నారు. హాల్లో మగవాళ్లు సూట్‌కేసులకి ఓడ ట్యాగులు స్టేపుల్ చేస్తున్నారు. వంటింటి బల్ల మీద వదిన దారిలో హెచ్ఈబీ సూపర్‌మార్కెట్లో కొన్న రెండు వైన్ సీసాలున్నాయి. ఒకటి జర్మన్ రీస్లింగ్, రెండోది కాలిఫోర్నియా క్యాబర్నే. చెరొకటీ పన్నెండు డాలర్లు.

"ఇవెందుకు వదినా? ఓడలో దొరకవా?" అంది మరదలు.

"దొరుకుతాయి. ధర చూశావా? గ్లాసుకి పది నుంచి పదిహేను. పన్నెండే అనుకుందాం. దాని మీద సర్వీసు చార్జీ పద్దెనిమిదో ఇరవయ్యో శాతం. అంటే గ్లాసు పద్నాలుగు డాలర్ల నలభై సెంట్లు. ఈ సీసా మొత్తం పన్నెండు. ఐదు గ్లాసులొస్తాయి. గ్లాసు రెండు డాలర్ల నలభై సెంట్లు. ఆరోవంతు ధరకి వచ్చేదాన్ని అక్కడ కొనడం దేనికి?"

వదిన రూలు చదువుకునే వచ్చింది. కార్నివాల్ ఓడల్లో 21 ఏళ్లు నిండిన ఒక్కొక్కరూ 750 మిల్లీలీటర్ల సీసా ఒకటి తెచ్చుకోవచ్చు. అది వైనో షాంపేనో అయి ఉండాలి, సీలు విప్పి ఉండకూడదు. ఎక్కే రోజు మాత్రమే, అదీ చేతిసామానులో మాత్రమే. బీరు, విస్కీ, అట్టపెట్టెల్లో వచ్చే వైన్ కుదరవు. పోర్టరుకి అప్పగించే పెట్టెలో సీసా పెడితే స్కానర్లో పట్టుబడుతుంది, తీసేస్తారు. విమానంలో వచ్చి ఓడ ఎక్కేవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. విమానంలో చేతిసామానులో 100 మిల్లీలీటర్లకి మించి ద్రవం ఒప్పుకోరు కాబట్టి సీసా పెద్ద పెట్టెలోకి వెళుతుంది. రేవు దగ్గర దాన్ని మళ్లీ చేతిసంచిలోకి మార్చుకోవాలి. మరిచిపోతే ఆ సీసా మీద ఆశ వదులుకోవాల్సిందే.

"ఆరోవంతు అన్నారు. బాగుంది," అంది మరదలు. "ఆ లెక్క ఐదు గ్లాసులూ తాగితేనే. మీరు వారంలో తాగేది మూడు."

"మూడే తాగాననుకో. పన్నెండుని మూడుతో భాగించు, నాలుగు. అప్పుడు కూడా నీ పద్నాలుగు నలభై కన్నా చవకే."

"మిగతా రెండు గ్లాసులో?"

వదిన జవాబు చెప్పేలోపు అత్తగారు కాఫీ గ్లాసు పట్టుకుని వచ్చి కూచున్నారు. ఆవిడ వైన్ సీసాలని తిప్పి చూసి, ధర చీటీ చదివి, కోడలి వైపు తిరిగారు.

"మిగిలింది ఏం చేస్తారే?"

వాదన అంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది. పిల్లలు కంచంలో వదిలేసిన ముద్ద పారెయ్యలేక కడుపు నిండాక కూడా తినే తల్లుల్లాగే, తక్కువ తాగేవాళ్లూ సీసాలో మిగిలింది పారబోయలేక తాగుతారని మరదలి వాదం. మొదటి గ్లాసు ఇష్టంతో తాగుతారు, నాలుగోది సీసా కోసం తాగుతారు. కార్కు తీసిన క్షణం నుంచి గాలి సోకుతుంది. ఆల్కహాలు ఆక్సీకరణ చెందుతుంది, పళ్ల వాసన పోతుంది, ఇంకా ఉంచితే బాక్టీరియా పట్టి వెనిగర్ వైపు మళ్లుతుంది. చల్లగా, మూత బిగించి ఉంచితే రెడ్ వైనూ వైట్ వైనూ మూడు నుంచి ఐదు రోజులు బాగుంటాయి. షాంపేన్ అయితే ఒకటి నుంచి మూడు రోజులే.

"ఇంటి ఫ్రిజ్‌లో అయితే ఐదు రోజులు. ఓడ క్యాబిన్‌లో ఉండేది చాలాసార్లు అసలు ఫ్రిజ్ కాదు వదినా, కూలర్. డబ్బాలు కాస్త చల్లబడతాయంతే. ఐస్ బకెట్ తెమ్మని క్యాబిన్ అటెండెంట్‌ని రోజూ అడగాలి. ఒక గ్లాసు కోసం అంత కాపలా ఎందుకు?"

"కాపలా ఏముంది? రీస్లింగ్‌కి స్క్రూ క్యాపే. తిప్పి తీస్తాను, తిప్పి పెడతాను. అదీ కాదంటే డైనింగ్ రూముకి తీసుకెళ్తాను. మిగిలితే వెయిటర్ సీసా మీద క్యాబిన్ నంబరు రాసి దాచిపెడతాడు, మర్నాడు తెచ్చిస్తాడు. ఎప్పటినుంచో ఉన్న పద్ధతే."

"డైనింగ్ రూముకి తీసుకెళ్తే కార్కేజ్ పదిహేను డాలర్లు."

కార్కేజ్ అంటే మన సీసాని వాళ్ల బల్ల మీద తెరిచినందుకు వాళ్లు తీసుకునే రుసుము. కార్నివాల్‌లోనూ రాయల్ కరీబియన్‌లోనూ అది 15 డాలర్లు, ప్రిన్సెస్‌లో 20. క్యాబిన్‌లోనో బాల్కనీలోనో తాగితే ఈ మూడింటిలోనూ ఆ రుసుము ఉండదు. నార్వేజియన్ సంస్థది వేరే దారి. ఎన్ని వైన్ సీసాలైనా తెచ్చుకోనిస్తారు, కానీ ఎక్కేటప్పుడే 750 మిల్లీలీటర్ల సీసాకి 15 డాలర్లు, 1,500 మిల్లీలీటర్ల పెద్ద సీసాకి 30 వసూలు చేస్తారు. తర్వాత దాన్ని ఎక్కడ తాగుతారన్నది వాళ్లకి అనవసరం. డిస్నీ ఓడలు ఈ విషయంలో ఉదారం. మనిషికి రెండు వైన్ సీసాలో ఆరు బీర్లో ఎక్కే రోజే కాకుండా, ఆగిన ప్రతి రేవులోనూ తెచ్చుకోవచ్చు. వైకింగ్ సంస్థలో అయితే సొంత సీసాకి కార్కేజ్ ఊసే లేదు. ఈ నియమాలు తరచూ మారుతుంటాయి. రెండేళ్ల కిందట వెళ్లొచ్చిన బంధువులు చెప్పిన మాట ఇవాళ చెల్లకపోవచ్చు.

"కార్కేజ్ కలిపి చూడు మరి," అంది వదిన, ఫోన్లో కాలిక్యులేటర్ తీసి. "పన్నెండూ పదిహేనూ ఇరవై ఏడు. ఐదు గ్లాసులకి పంచితే ఒక్కోటి ఐదు డాలర్ల నలభై సెంట్లు. మూడే తాగి మిగతాది పారబోసినా తొమ్మిది. ఇంకా నీ పద్నాలుగు నలభైకి అయిదు డాలర్లు తక్కువే. పారబోసినా లాభమేనమ్మా!"

"పారబోస్తారా?"

"..."

"చెప్పండి. పెళ్లయి పదిహేనేళ్లయింది, మీరు ఏదైనా పారబోయడం నేను చూడలేదు."

అత్తగారు నవ్వారు. కోడలి పక్షాన మాట్లాడాలనిపించిందేమో, "అయితే నా వంతు సీసా కూడా తీసుకెళ్లండి. మనిషికొకటి అన్నారుగా. నేనెలాగూ తాగను," అన్నారు. వదిన కళ్లు మెరిశాయి. మరదలు చెయ్యి అడ్డం పెట్టింది. ఇద్దరు తాగేది వారానికి ఏడెనిమిది గ్లాసులు. రెండు సీసాలంటేనే పది గ్లాసులు. మూడో సీసా దేనికి?

"పైగా అమ్మ సంచిలో గోంగూర పచ్చడి సీసా ఉంది," అంది మరదలు. "ఇంట్లో చేసినవి ఓడలోకి రానివ్వరు. కంపెనీ సీలు వేసిన పొట్లాలూ బిస్కెట్లూ అయితే కొద్దిగా తెచ్చుకోనిస్తారు. పచ్చడి తీసేసి వైన్ పెట్టుకుని ఎక్కుతుందా మా అమ్మ?"

పచ్చడి సంగతి వినగానే అత్తగారు లేచి లోపలికి వెళ్లిపోయారు. సీలున్న దుకాణం పచ్చడి ఇంట్లో ఉందేమో వెతకడానికి.

హాల్లోంచి వదిన భర్త కేక వేశాడు. "ఇంత గొడవెందుకు? ప్యాకేజీ తీసేసుకుందాం. ఎన్ని కావాలంటే అన్ని!"

ఈ ఒక్క చోట వదినా మరదళ్లు ఒక్కటయ్యారు. కార్నివాల్ మద్యం ప్యాకేజీ పేరు చీర్స్. రోజుకి ఇంత అని మనిషికి కడితే, ధర పరిమితిలో ఉన్న పానీయాలు 24 గంటల్లో పదిహేను దాకా ఇస్తారు. ధర ఓడని బట్టీ రోజులని బట్టీ మారుతుంది. రోజుకి డెబ్బై డాలర్లు, పైన ఇరవై శాతం అనుకుంటే ఎనభై నాలుగు. గ్లాసు వైన్ పద్నాలుగు నలభై అయితే, ఆ డబ్బు గిట్టాలంటే రోజుకి ఆరు గ్లాసులు తాగాలి. రేవులో దిగి రోజంతా తిరిగొచ్చిన రోజు కూడా ఆరే. వారానికి నాలుగు గ్లాసుల మనిషి ఒక్క రోజులో ఆరు తాగడం ఏ లెక్కన చూసినా కుదరదు.

దానికన్నా పెద్ద మెలిక ఇంకోటుంది. ఒక క్యాబిన్‌లో 21 దాటినవాళ్లు ఒకరు ఈ ప్యాకేజీ కొంటే, ఆ క్యాబిన్‌లోని పెద్దవాళ్లంతా కొనాలి. ఒకరు కొని ఇద్దరు తాగకుండా పెట్టిన రూలు అది.

"అత్తయ్యగారు మన క్యాబిన్‌లోనే," అంది వదిన భర్తతో. "మీ అమ్మగారికి కూడా మద్యం ప్యాకేజీ కొంటారా? ముగ్గురికి రోజుకి రెండు వందల యాభై రెండు డాలర్లు."

"పైగా గాల్వెస్టన్‌లో ఎక్కితే మొదటి రోజు అది పనిచెయ్యదు అన్నయ్యా," అంది మరదలు. టెక్సస్ చట్టం వల్ల ఇక్కడ ఎక్కినవాళ్లకి చీర్స్ రెండో రోజు ఉదయం ఆరింటికి గానీ మొదలవదు.

హాల్లోంచి మళ్లీ స్టేప్లర్ చప్పుడు వినిపించింది.

సంస్థలు ఇంటి సీసా మీద ఇంత నిఘా పెట్టడానికి ప్రయాణికులు కూడా కొంత కారణం. మౌత్‌వాష్ సీసా కడిగి, రమ్ము నింపి, రంగు కలిపి మూత బిగించేవాళ్లు. షాంపూ సీసాల్లో వోడ్కా పోసేవాళ్లు. స్కానర్‌కి చిక్కదనే ఆశతో లోహం లేని ప్లాస్టిక్ సంచులు కొనేవాళ్లు. ఈ తెలివికి విరుగుడుగా కార్నివాల్ 2015 జూలైలో మంచినీళ్లూ కూల్‌డ్రింకులూ కూడా సీసాల్లో తేవడం మానిపించింది. అప్పటినుంచి మద్యం లేని పానీయాలు డబ్బాల్లోనో అట్టపెట్టెల్లోనో మాత్రమే తెచ్చుకోవాలి. ఎవరో రమ్ము దాచుకుంటే, మంచినీళ్ల సీసా తెచ్చుకునేవాళ్లు కూడా నష్టపోయారు.

"అలాంటి పన్లు మనకొద్దు," అన్నారు ఇద్దరూ ఒకేసారి. అక్కడితో ఆ ఏకాభిప్రాయం అయిపోయింది.

మరదలు ఇప్పుడు తన వృత్తిలోకి దిగింది. బల్ల మీద మూడు గ్లాసులు పెట్టింది. ఒకటి కాడ ఉన్న వైన్ గ్లాసు, రెండోది మామూలు నీళ్ల గ్లాసు, మూడోది ప్లాస్టిక్ కొలత కప్పు. "ఓడ బార్లో ఇలాంటి గ్లాసులో పోస్తారు. ఐదు ఔన్సులు, అంటే దాదాపు నూట యాభై మిల్లీలీటర్లు. అది మీకు తెలిసిన కొలత. క్యాబిన్‌లో బాత్‌రూము అరమీద ఉండేది ఇదీ," అని నీళ్ల గ్లాసు జరిపింది. "పొయ్యండి చూద్దాం, మీరు ఒక గ్లాసు అనుకునేంత."

వదిన కుళాయి నీళ్లు పోసింది. మరదలు వాటిని కొలత కప్పులోకి ఒంపింది. రెండు వందల ఇరవై.

"దీని మీద లెక్క చేద్దాం, మీ పద్ధతిలోనే. ఈ క్యాబర్నే మీద పద్నాలుగున్నర శాతం అని ఉంది. నూట యాభై మిల్లీలీటర్లలో పదిహేడు గ్రాముల ఆల్కహాలు. రెండు వందల ఇరవైలో పాతిక. అమెరికాలో ఒక డ్రింకు అని లెక్కపెట్టేది పద్నాలుగు గ్రాములు. మీరు ఒక గ్లాసు తాగానంటారు, ఒళ్లు దాదాపు రెండంటుంది."

వైన్ రకాన్ని బట్టి కూడా ఈ గ్రాములు చాలా మారతాయి. కాస్త తీపి ఉండే తేలిక జర్మన్ రీస్లింగ్‌లో ఆల్కహాలు తొమ్మిది శాతం దరిదాపుల్లో ఉంటుంది. అలాంటిది నూట యాభై మిల్లీలీటర్లు తాగితే పది, పదకొండు గ్రాములే. కారం తిండికి కూడా అదే నప్పుతుంది. ఎక్కువ ఆల్కహాలూ, రెడ్ వైన్‌లోని వగరూ నోట్లో మిరపకారం మంటని పెంచుతాయి. తీపీ పులుపూ దాన్ని తగ్గిస్తాయి. కార్నివాల్ డైనింగ్ రూముల్లో అడిగితే భారతీయ శాకాహార భోజనం వండిపెడతారు కాబట్టి పప్పూ కూరల పక్కన ఏది పెట్టుకోవాలన్నది ఉత్తుత్తి ప్రశ్నేమీ కాదు.

"ఇంకోటి," అంది మరదలు. "సముద్రం పడదని మీరు మాత్ర వేసుకుంటారు కదా?"

"మెక్లిజిన్. నువ్వే చెప్పావు."

"అది వేసుకున్న పూట వైన్ వద్దు. మెక్లిజిన్ గానీ డ్రామమీన్ గానీ, మన ఊళ్లో ఘాట్ రోడ్డు బస్సెక్కేముందు వేసుకునే అవోమిన్ గానీ, అన్నీ మత్తు తెచ్చేవే. చెవి వెనక అంటించే పట్టీ కూడా అంతే. పైన వైన్ పడితే మత్తు రెట్టింపు. ఊగే ఓడ, తడి డెక్కు, మెట్లు. మొదటి రెండు రోజులూ సముద్రంలోనే ఉంటాం, మీకు మాత్ర కావాల్సిందీ అప్పుడే. మరి సీసా తీసేది ఎప్పుడు? నాలుగో రోజా? గ్లాసు కొనుక్కుంటే ఈ బెంగే లేదు. ఒళ్లు బాగున్న రాత్రి అడుగుతాం, బాగోకపోతే ఊరుకుంటాం."

ఈ మాటకి వదిన కాసేపు ఆగింది. 2025 జనవరిలో అప్పటి అమెరికా సర్జన్ జనరల్ వివేక్ మూర్తి ఇచ్చిన హెచ్చరికని మరదలు అంతకుముందే ఫోన్లో పంపి ఉంది. మద్యానికీ రొమ్ము క్యాన్సరుతో సహా కనీసం ఏడు రకాల క్యాన్సర్లకీ సంబంధం ఉందని అందులో ఉంది. వదిన దాన్ని చదివాకే వారానికి ఐదు నుంచి మూడుకి దిగింది. కాబట్టి ఆరోగ్యం వైపు నుంచి ఆమె వాదించదలుచుకోలేదు. కానీ బార్లో గ్లాసు కొనడమే నిగ్రహమనే మాటని మాత్రం ఒప్పుకోలేదు.

"నీ మాటల్లో సగం నిజం. మిగతా సగం నేను చెప్తాను విను. ఓడలో డబ్బు కనపడదు. ఎక్కగానే ఒక కార్డు ఇస్తారు, దానికి మన క్రెడిట్ కార్డు ముడిపెడతారు. గ్లాసు కావాలంటే ఆ కార్డు చూపిస్తే చాలు. ఈత కొలను దగ్గర, థియేటర్లో, కేసినోలో, ఎక్కడ కూచున్నా ఎవరో ఒకరు ట్రే పట్టుకుని వచ్చి 'ఏమైనా తేనా' అంటారు. వాళ్లకి టిప్పు దాని మీదే కాబట్టి తప్పు పట్టను. కానీ మొహమాటానికి ఊ అనే మనుషులం మనం. నువ్వు ముఖ్యంగా. పోయినసారి ఆఖరి రోజు బిల్లు చూసి ఎవరు నోరు తెరిచారు?"

మరదలు పలకలేదు.

"సీసా అయితే నాకు కంటికి కనపడుతుంది. ఎంత ఉంది, ఎంత తాగాను, ఎంత మిగిలింది, అన్నీ తెలుస్తాయి. అది అయిపోతే ఆ వారానికి అయిపోయినట్టే. నాకు అదే హద్దు. నీకు హద్దు గ్లాసు ధర, నాకు హద్దు సీసా అడుగు. ఇందులో ఏది గట్టిదో నువ్వే చెప్పు."

"మీ హద్దు ఐదు గ్లాసుల దగ్గరుంది. నాకు కావాల్సింది మూడు."

"నీ హద్దుకి అడుగే లేదు."

మరదలు లేచి కాఫీ గ్లాసులు సింకులో పెట్టొచ్చింది. వచ్చాక విశాఖ సంగతి ఎత్తింది. ఆమె అత్తమామలు ఆ ఊళ్లోనే కార్డీలియా ఓడ ఎక్కి పుదుచ్చేరి మీదుగా చెన్నై వెళ్లారు. ఆ సంస్థ 2022 జూన్‌లో విశాఖ నుంచి ప్రయాణాలు మొదలుపెట్టింది. ఎంప్రెస్ అనే ఆ ఓడ ఒకప్పుడు రాయల్ కరీబియన్‌దే. కార్డీలియాలో బయటి మద్యం ఒక్క సీసా కూడా ఒప్పుకోరు. "మా మామగారికి అదే హాయిగా ఉందట. తేవాలా వద్దా అన్న చర్చే లేదు. కావాలంటే బార్లో అడగడం, వద్దంటే మానెయ్యడం."

"రూలు లేకపోతే నిగ్రహం లేదన్నమాట మీ ఇంటివాళ్లకి," అని వదిన చురక వేసింది. ఇద్దరూ నవ్వుకున్నారు.

కొజుమెల్ ప్రస్తావన కూడా వచ్చింది. గాల్వెస్టన్ ఓడలు తరచూ ఆగే ఆ మెక్సికో దీవిలో రేవు పక్కనే మద్యం దుకాణాలుంటాయి, బేరాలు ఊరిస్తాయి. అక్కడ సీసా కొనుక్కుని తాగుదామనుకుంటే కుదరదు. ఓడ మెట్ల దగ్గరే సిబ్బంది దాన్ని తీసుకుని, క్యాబిన్ నంబరుతో చీటీ ఇచ్చి, ప్రయాణం ముగిసేదాకా తమ దగ్గరే ఉంచుతారు. గాల్వెస్టన్‌లో దిగాక కస్టమ్స్ వాళ్లు 21 దాటినవాళ్లకి ఒక లీటరు దాకా సుంకం లేకుండా వదిలేస్తారు. ఆ గేటు దాటాక టెక్సస్ ఆల్కహాలిక్ బెవరేజ్ కమిషన్ బల్ల ఉంటుంది. కేంద్రం వదిలేసిన సీసా మీద కూడా రాష్ట్రం పన్ను తీసుకుంటుంది, దాని మీద మూడు డాలర్ల నిర్వహణ రుసుము. వైన్ మీద రాష్ట్ర పన్ను సెంట్లలో ఉంటుంది కాబట్టి, పన్ను కన్నా రుసుమే ఎక్కువ. చవక వైన్ కోసం కొజుమెల్‌లో సంచి మొయ్యడం దండగని వదిన తేల్చింది. మరదలు కాదనలేదు.

టెక్సస్‌లో కొనేవాళ్లకి వారం కూడా చూసుకోవాలి. ఆదివారం మద్యం దుకాణాలు చట్టరీత్యా మూసి ఉంటాయి. సూపర్‌మార్కెట్లలో బీరూ వైనూ దొరుకుతాయి, అదీ పదింటి తర్వాతే. 2021కి ముందు మధ్యాహ్నం పన్నెండు దాకా ఆగాల్సి వచ్చేది. ఆదివారం ఓడ ఎక్కుతూ దారిలో కొనుక్కోవచ్చులే అనుకునేవాళ్లు రేవుకి చేరే వేళని దీంతో సరిచూసుకోవడం మంచిది.

వాదన మొదలై గంట దాటాక, పరిష్కారంలాంటిది ఒకటి మరదలి నోట్లోంచే వచ్చింది.

"వదినా, మీరు సీసాని రోజులతో భాగిస్తున్నారు. మనుషులతో భాగించి చూడండి."

"అంటే?"

"మన నలుగురం ఒకే బల్ల దగ్గర భోంచేస్తాం. ఒక సీసా ఐదు గ్లాసులు. రేవులో దిగి తిరిగొచ్చిన రోజు రాత్రి, అప్పటికి మీకు మాత్ర అవసరం ఉండదు, ఈ రీస్లింగ్‌ని డైనింగ్ రూముకి తీసుకెళ్దాం. పదిహేను డాలర్లు పారేద్దాం. తలా ఒక గ్లాసు, ఐదోది అన్నయ్యకి. సీసా అక్కడే అయిపోతుంది. దాచడం లేదు, ఐస్ బకెట్ లేదు, నాలుగో గ్లాసుని సీసా కోసం తాగడం లేదు. మీ లెక్క ప్రకారమే గ్లాసు ఐదు నలభై."

వదిన ఫోన్ చేతిలోకి తీసుకుని, అవసరం లేదని మళ్లీ బల్ల మీద పెట్టేసింది. "మిగతా రాత్రుళ్లు?"

"మిగతా రాత్రుళ్లు ఎవరికి కావాలంటే వాళ్లు గ్లాసు కొనుక్కుంటారు. మీకు ఇంకో రెండు గ్లాసులు కావాలనుకోండి. ఇరవై ఎనిమిది డాలర్ల ఎనభై. దానికోసం రెండో సీసా మోసుకెళ్లి, రెండు గ్లాసులు తాగి, మూడు గ్లాసుల్ని కాపలా కాయడం కన్నా నయం కాదా?"

"నేనెందుకు కాపలా కాస్తాను? ముయ్యగలిగిన సీసా కొన్నాను."

"క్యాబర్నేకి కార్కు."

వదిన ఆ సీసా ఎత్తి చూసింది. కార్కే.

"సరే, ఇది తెరవను. ఊరికే వెంట ఉంటుంది. అవసరమైతే ఉంటుంది, లేకపోతే మూత తియ్యకుండా వెనక్కొస్తుంది. ఇక్కడ కొన్న రసీదు కూడా ఉంది, దిగేటప్పుడు కమిషన్ వాళ్లు అడిగితే చూపిస్తాను."

"మూత తియ్యకుండా వస్తుందా?"

"వస్తుంది."

"ఏడు రాత్రులు మీ క్యాబిన్‌లో, మీ కళ్లెదురుగా?"

"వస్తుందన్నానుగా. పందెం కడతావా?"

"ఎంత?"

"పదిహేను డాలర్లు. నీ కార్కేజ్ ఎంతో అంత."

మరదలు ఒప్పుకుంది, ఒక షరతు మీద. క్యాబర్నే వదిన సంచిలో కాదు, అత్తగారి చేతిసంచిలో ప్రయాణం చెయ్యాలి. తీర్పు ఆవిడదే. లోపలి గదిలోంచి అత్తగారు, సీలున్న ఆవకాయ సీసా ఒకటి దొరికిందనీ, పక్కన ఇంకో సీసాకి చోటుందనీ, తీర్పుకి ఫీజు మాత్రం తీసుకుంటాననీ చెప్పారు.